లేపాక్షిని నలభై నిమిషాల్లో చూపించి పంపేస్తున్నవారికి బహిరంగ లేఖ

బెంగళూరు నుంచి లేపాక్షికి ఒకరోజు యాత్రలు నడిపే నిర్వాహకులకు, వారి వెంట వచ్చే గైడ్లకు, గుళ్ల మీద వీడియోలు చేసే మిత్రులకు నమస్కారాలు.

మేము లేపాక్షి, చిలమత్తూరు, హిందూపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కొన్ని కుటుంబాలవాళ్లం. యలహంకలోనో, హెబ్బాళలోనో కాపురం ఉంటున్నా పండగకూ, పెళ్లికీ, చావుకూ ఇప్పటికీ ఆ దారినే వెళ్లి వస్తుంటాం. మీరు మా ఊరికి జనాన్ని తీసుకొస్తున్నందుకు మాకు కోపం లేదు, సంతోషమే ఉంది. లేపాక్షి అంటే హస్తకళల దుకాణం పేరు అని మాత్రమే తెలిసినవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉండేవారు. ఈరోజు ఆదివారం వస్తే అక్కడి వీరభద్రుడి గుడి ముందు బస్సులు బారులు తీరుతున్నాయంటే అందులో మీ శ్రమ ఉంది. ఆ మాట ఒప్పుకొనే అసలు సంగతికి వస్తున్నాను.

పోయిన ఏడాది శ్రావణంలో ఒకసారి, సంక్రాంతి వెళ్లాక మరొకసారి మీలో కొందరికి ఈ విషయం మీదే ఉత్తరాలు రాశాం. ఎక్కువమంది జవాబు ఇవ్వలేదు. ఒక నిర్వాహకుడు మాత్రం ఫోన్ చేసి, "స్తంభం కింద గుడ్డ దూర్చే ఫొటో లేకపోతే టిక్కెట్లు అమ్ముడుపోవు సార్" అని ఉన్నమాట చెప్పారు. ఆయన అన్నది ఆ గుడిలో అడుగు నేలకు పూర్తిగా ఆనకుండా నిలిచిన వేలాడే స్తంభం గురించి. ఆయన దాపరికం లేకుండా మాట్లాడినందుకు కృతజ్ఞతలు. అయితే ఆ ఒక్క ఫొటో కోసం ఊరూ, గుడీ, ఊరి మనుషులూ ఏమి పోగొట్టుకుంటున్నారో నలుగురికీ తెలియాలని, విడివిడి ఉత్తరాలతో పని జరగలేదు కనుక, ఇప్పుడు బహిరంగంగా రాస్తున్నాం.

మీ యాత్ర నడిచే తీరు మాకు బాగా తెలుసు. తెల్లవారకముందే బెంగళూరు మెజెస్టిక్‌లో బయలుదేరి, నందికొండ (నంది హిల్స్) మీద సూర్యోదయం చూసి, చిక్కబళ్లాపురం దగ్గర ఆదియోగి శివుడి విగ్రహాన్ని దర్శించి, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. సుమారు 120 కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు గుడిలో మిగిలేది నలభై నిమిషాలు. అందులో సగానికి పైగా వేలాడే స్తంభం దగ్గరి వరుసలోనే గడిచిపోతుంది.

మొన్న కార్తీకంలో ఒక ఆదివారం నేను నాట్యమండపంలో ఒక వారగా కూర్చొని గంటన్నర సేపు చూశాను. ఇద్దరు కుర్రాళ్లు ఒక తువ్వాలును స్తంభం కింది సందులో దూర్చి, చెరో కొస పట్టుకొని రంపం లాగినట్టు లాగుతున్నారు. వీడియో సరిగా రాలేదని మళ్లీ లాగారు. ఇంకొకాయన స్తంభం కదులుతుందేమో చూద్దామని భుజం ఆనించి తోశారు, పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అక్కడికి నాలుగడుగుల్లోనే స్తంభాల మీద బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడు వీణ మీటుతున్నాడు, రంభ ఆడుతోంది, మూడు కాళ్ల భృంగి అడుగు వేస్తున్నాడు. ఆ గుంపులో ఒక పెద్దావిడ మాత్రం భృంగి ముందు ఆగి, "ఈయనెవరు నాయనా, మూడు కాళ్లున్నాయి?" అని గైడును అడిగింది. "టైమైందమ్మా, బసవన్న దగ్గరికి పోవాల" అని ఆ అబ్బాయి ముందుకు నడిచాడు. అతన్ని తప్పుపట్టను, బస్సు కదిలే వేళను పెట్టింది అతను కాదు.

నా చిన్నప్పుడు మా తాత కూడా ఆ మండపంలో తువ్వాలు తీసేవాడు. తెల్లటి తువ్వాలును రెండు చేతులా చాచి, పక్కనుంచి పడే ఎండకు ఎదురుగా వంచి పట్టుకునేవాడు. ఆ వెలుగు కొట్టి పైకప్పు మీది రంగులు ఒక్కసారిగా పైకి తేలేవి. పార్వతమ్మను పెళ్లికూతురిని చేస్తున్న చెలికత్తెల వాలుజడలు, నల్లటి గీతతో దిద్దిన కోల కళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో రకం చీర, మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు ఆ తువ్వాలు వెలుగులోనే నేను మొదటిసారి చూశాను. మెడ నొప్పి పుడితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి చూపించేవాడు. ఆ మండపంలో ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు నాకు కనబడటం లేదు.

ఈ గుడి గురించి మీ ప్రయాణికులకు చెప్పవలసిన నాలుగు మాటలు ఇక్కడ చెప్పనివ్వండి. తాబేలు వీపులా ఉబ్బిన రాతిగుట్ట మీద, అందుకే కూర్మశైలం అని పేరు వచ్చిన చోట, ఈ వీరభద్రాలయం ఇప్పుడున్న రూపం సంతరించుకున్నది విజయనగరాన్ని 1529 నుంచి 1542 దాకా ఏలిన అచ్యుత దేవరాయల కాలంలో. కట్టించినవారు పెనుకొండలో రాజ్యాధికారులుగా ఉన్న విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. ఏడు పడగల నాగలింగం, దానికి ఎదురుగా దూరాన ఒకే బండలో చెక్కిన 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న బసవన్న, పైకప్పు లేకుండా ఆగిపోయిన కల్యాణమండపం, లతామండపం స్తంభాల మీది తీగలు, చిలకలు, హంసలు, ఇవన్నీ కలిస్తేనే లేపాక్షి. ఆ లతామండపపు అల్లికలే ధర్మవరం చీరల అంచుల్లోకి నడిచి వచ్చాయి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల కోల కళ్లు, నిండైన నగలు చూసినవారికి మా గుడి పైకప్పు గుర్తుకు రాక మానదు. 2022లో ఈ ఆలయమూ, బసవన్నా యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి చేరాయి. దాదాపు 70 స్తంభాలున్న ఇలాంటి గుడిని ఒకే స్తంభానికి కుదించడం వల్ల సామాన్యులకు కలుగుతున్న నష్టాలను కింద వరుసగా విన్నవిస్తున్నాం.

1. ముందుగా పైకప్పు చిత్రాలు. సున్నపు పూత మీద ఎర్రమన్ను, పసుపుమన్ను, మసి లాంటి రంగులతో వేసిన ఈ చిత్రాలు దాదాపు అయిదు వందల ఏళ్లు నిలిచాయి. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, శ్రీరామ పట్టాభిషేకం, మర్రాకు మీద పవళించిన బాలకృష్ణుడు, అర్ధమండపంలో పెద్ద వీరభద్రుడు, ఆయన పాదాల దగ్గర గుడి కట్టించినవారు కూడా కనిపిస్తారు. చాలాచోట్ల ఇప్పటికే పెచ్చులు ఊడి, రంగు వెలిసి ఉంది. అజంతాలో ఫ్లాష్ వాడనివ్వరని మీకు తెలుసు. మా గుడిలో మీ బృందాల ఫోన్ల లైట్లు, వీడియోల కోసం తెచ్చే వలయం లాంటి దీపాలు, పైకి ఎత్తి పట్టే కర్రలు అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతున్నాయి. కార్తీకంలో నేను చూసిన రోజే ఒక కర్ర కొస స్తంభం పైభాగానికి ఠంగున తగిలింది. ఇంకో రెండడుగులు ఎత్తి ఉంటే ఒక చెలికత్తె చేయి రాలిపోయేది. రాలిన సున్నాన్ని తిరిగి అతికించవచ్చునేమో కానీ, ఆనాటి చిత్రకారుడు కుంచె ఎత్తకుండా లాగిన గీతను తిరిగి గీయగలవాళ్లు ఎవరున్నారు? రేపు మా పిల్లలు దాన్ని పుస్తకంలో చూసుకోవలసిందే.

2. ఇక స్తంభం. అది ఎలా నిలిచిందో చూడాలన్న కుతూహలం సహజమే, చూడవద్దని మేము అనడం లేదు. బ్రిటిషు కాలంలో ఒక ఇంజనీరు దాన్ని కదిలించబోతే చుట్టూ ఉన్న స్తంభాలు కూడా చలించాయని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథను మీ గైడ్లు కూడా చెబుతారు, చెప్పిన వెంటనే గుడ్డ దూర్చమంటారు. హంపీ విఠలాలయంలో సంగీత స్తంభాలను జనం తట్టీ తట్టీ పాడుచేస్తున్నారని ముట్టుకోవడమే ఆపించారు. మా స్తంభానికి ఆ గతి పట్టకముందే మేలుకోవాలి. రక్షిత కట్టడానికి హాని చేసినా, రూపు చెడగొట్టినా 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం, 2010 సవరణ తర్వాత, రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ ముప్పు గురించి తెలియకుండానే, మీ మాట విని తువ్వాలు తీస్తున్నది టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన సామాన్య కుటుంబాలు.

3. చరిత్ర పేరుతో చెబుతున్న కల్పనలు. జటాయువును చూసి రాముడు "లే పక్షీ" అన్నాడన్నది మా స్థలపురాణం. విరుపణ్ణ రాజధనాన్ని గుడికి ఖర్చుపెట్టాడన్న నింద పడి తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని, ఆ ఎర్రటి మరకలు అవేనని మా అవ్వలు కథగా చెప్పారు. పురాణాన్ని పురాణంగా, కథను కథగా చెబితే దానికో అందం ఉంది. కానీ ఈమధ్య కొన్ని వీడియోల్లో గుడి వయసు అయిదు వేల ఏళ్లని, స్తంభం గురుత్వాకర్షణను ఓడించే యంత్రమని, బండ మీది పాదం గుర్తు రాక్షసజాతి మనుషులకు రుజువని గంభీరమైన గొంతుతో చెబుతున్నారు. గోడల మీద, బండల మీద శాసనాలు ఉండగానే ఈ మాటలు చెబుతున్నారు. మా అన్న మనవరాలు బెంగళూరులో ఏడో తరగతి చదువుతోంది. బడిలో ప్రాజెక్టుకు లేపాక్షిని ఎంచుకొని, ఒక వీడియోలో విన్నదంతా రాసి, ఉపాధ్యాయురాలు సున్నా వేస్తే ఇంటికి వచ్చి ఏడ్చింది. ఆ పిల్ల చేసిన తప్పేమిటో మాకు అర్థం కాలేదు. అంతకన్నా బాధ కలిగించేది మరొకటి ఉంది. యంత్రం అనీ, రాక్షసులు అనీ చెప్పిన ప్రతిసారీ, ఉలి పట్టి ఈ రాయిని చెక్కిన మనుషుల చేతిపనిని లాగేసుకొని ఇంకెవరికో ఇచ్చేస్తున్నట్టే.

4. భాష తగాదా. మీ వీడియోల కింద "ఇది మా గుడి" అంటే "కాదు, మాది" అని తెలుగువాళ్లూ కన్నడంవాళ్లూ తిట్టుకుంటున్నారు. కొందరు కావాలనే ఆ మంట రాజేసేలా శీర్షికలు పెడుతున్నారు. బెంగళూరులో పక్కపక్క ఇళ్లలో బతికే మాకు అది ఎంత చేటో మీకు వేరే చెప్పాలా? అక్కడి శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. ఊరు తెలుగు ఊరు. పైకప్పు మీద, తన కొడుకు రథం కింద పడి దూడ చనిపోతే ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుని కథ ఉంది, అది తమిళదేశపు కథ. బాగేపల్లి కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, హిందూపురం అంగళ్లలో కన్నడం నిత్యం వినబడుతుంది. ఈ మాటను మీ బస్సులో ఒక్క నిమిషం చెప్పండి చాలు.

5. ఊరివాళ్ల బతుకు. మా చిన్నాన్న కూతురు బసవన్న దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు, కొబ్బరికాయలు అమ్ముతుంది. పోయినసారి వెళ్లినప్పుడు, "బస్సులు ఇన్ని వస్తున్నాయి, యాపారం బాగుంది కదమ్మా?" అని అడిగాను. "నిలబడితే కదన్నా కొనేది! దిగినోళ్లు దిగినట్టే ఉరుకుతారు. నీళ్ల సీసాలు గూడా బెంగుళూరు నుంచే తెస్తారు, ఖాళీవి మాత్రం ఈడ ఇడిసిపోతారు" అంది. మధ్యాహ్నం భోజనం పొట్లాలు బస్సులోనే పంచి, ఎంగిలి విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు చెట్ల కింద వదిలేస్తున్నారు. సోమవారం శివుడి రోజు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు దర్శనానికి వచ్చే రోజు. వాళ్లకు ముందు ఎదురయ్యేది ఆదివారం మిగిల్చిన చెత్త. ఊడ్చే చేతులు మా ఊరి ఆడవాళ్లవి. సంగటి, ఊరిబిండి పెట్టే చిన్న హోటళ్లు, ఆటోలు, గైడు పని నేర్చుకోగల చదువుకున్న పిల్లలు అక్కడే ఉన్నారు, వాళ్ల వైపు చూసేంత తీరిక మీ పట్టికలో లేదు.

6. అది పూజ జరిగే గుడి. వీరభద్రుడు ఎన్నో కుటుంబాలకు ఇలవేల్పు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ముసలివాళ్లు ఆదివారం నాడు మండపంలో ఫొటోల గుంపును దాటి గర్భగుడి దాకా పోలేక గడప దగ్గరే దండం పెట్టి వెనక్కి తిరుగుతున్నారు. శివరాత్రి రోజుల్లో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. తేరు కదిలేటప్పుడు మా ప్రాంతంలో అరటిపండుకు దవనం గుచ్చి తేరు మీదికి విసురుతారు. ఎక్కడెక్కడో కూలికి పోయినవాళ్లు కూడా ఆ రోజుకు ఊరు చేరుకుంటారు. అలాంటి రోజున తేరుకు అడ్డంగా నిలబడి వీడియో తీస్తూ, తాడు లాగేవాళ్లను "ఒక్క నిమిషం ఆగండి" అనడం మేము కళ్లారా చూశాం. తేరు తాడు పట్టినవాళ్లు ఆగితే వెనక చక్రాల దగ్గర ఉన్నవాళ్లకు ప్రాణాపాయం అన్న సంగతి తీసేవారికి తెలియదు.

కాబట్టి మీ ముందు ఈ కోరికలు పెడుతున్నాం. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు.

1. లేపాక్షికి కనీసం మూడు గంటలు కేటాయించండి. నందికొండ, ఆదియోగి, లేపాక్షి మూడూ ఒకేరోజు అన్న పథకాన్ని మానుకోండి. ఎండ ముదరకముందే గుడికి చేరేలా వేళలు మార్చండి. మిట్టమధ్యాహ్నం కాలే బండ మీద వట్టి కాళ్లతో పరుగెత్తే పిల్లలను, పెద్దవాళ్లను చూస్తే మీకే తెలుస్తుంది.

2. స్తంభం కింద గుడ్డ, కాగితం, కర్ర ఏదీ దూర్చకూడదని బస్సులోనే చెప్పండి. మీ ప్రకటనల్లోంచి, వీడియోల ముఖచిత్రాల్లోంచి ఆ ఫొటోను తీసేయండి. అన్నిటికన్నా ముందుగా అమలు కావలసిన కోరిక ఇదే.

3. మండపాల్లో ఫ్లాష్, దీపాలు, కర్రలు వద్దు. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి, రంగులు వాటంతట అవే కనబడతాయి.

4. మీతో వచ్చే ప్రతి బృందానికీ ఊరిలోని యువకుల్లోనో, యువతుల్లోనో ఒకరిని గైడుగా తీసుకొని, ముందే ఒప్పుకున్న రుసుము చెల్లించండి. వాళ్లకు శాసనాలు, చిత్రాల కథలు నేర్పే పనిలో మాలో చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు సెలవు రోజుల్లో డబ్బు తీసుకోకుండా సాయపడతారు.

5. అయిదు వేల ఏళ్లు, యంత్రం, రాక్షసులు అంటూ ఇదివరకు పెట్టిన వీడియోలను సవరించండి, లేదా తొలగించండి. స్థలపురాణాన్ని స్థలపురాణమనే చెప్పండి. శాసనంలో ఉన్నదాన్ని శాసనంలో ఉందని చెప్పండి.

6. ఒక పూట భోజనం ఊళ్లో పెట్టించండి. చెత్తను సంచుల్లో కట్టి మీ బస్సులోనే వెనక్కి తీసుకెళ్లండి.

7. తేరు రోజున యాత్రలు నడిపితే భక్తులుగా రండి, కెమెరాలతో దారికి అడ్డం నిలబడకండి.

వచ్చే శివరాత్రికి ముందే మీ జవాబు కోసం ఎదురుచూస్తాం. ఈ కోరికలకు ఒప్పుకున్న నిర్వాహకుల పేర్లను మా బంధువులకు, స్నేహితులకు, మేము పనిచేసే చోట్ల తోటివాళ్లకు మేమే చెబుతాం, వాళ్ల బస్సుల్లోనే వెళ్లమంటాం. జవాబు రాకపోతే, శివరాత్రి తర్వాత వచ్చే ప్రతి ఆదివారం మాలో ఇద్దరు ముగ్గురు నాట్యమండపంలో ఉంటారు. ఎవరితోనూ గొడవ పడరు. స్తంభం దగ్గర వరుసలో నిలబడినవాళ్లతో మర్యాదగా మాట్లాడి, రమ్మని పిలిచి, భృంగికి మూడు కాళ్లు ఎందుకున్నాయో చెబుతారు. తెల్లటి తువ్వాలు కూడా వెంట తెచ్చుకుంటారు.

భవదీయులు,
బెంగళూరులో ఉంటున్న లేపాక్షి పరిసర గ్రామాల కుటుంబాల తరఫున